గోడ మీద మామ నోరు

మా మామ నోట్లో నాలుక లేని మనిషి. అమ్మకు సొంత తమ్ముడు. తిరుపతిలో గంగమ్మ గుడికి పోయే దారిలో, ఒక సందు మొదట్లో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే చిన్న అంగడి ఆయనది. చేతులు బిగుతయ్యాయని ఒకావిడ, మెడ జారిపోతోందని ఇంకొకావిడ వచ్చి జాకెట్టు ముఖాన కొట్టినంత పని చేసినా, “అట్లనేమ్మా, సాయంత్రానికి సరిజేసిస్తా” అనడం తప్ప ఆయన నోట రెండో మాట రాదు. కొలతకిచ్చిన జాకెట్టు ఆవిడ పెళ్ళినాటిదనీ, ఆ తర్వాత ఆవిడ బాగా ఒళ్ళు చేసిందనీ సందులో అందరికీ తెలుసు. మామ మాత్రం అనడు. నేను అక్కడుంటే ఆయన బదులు నేనే అనేస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే బేరాలు చెడిపోతాయని నన్ను అంగట్లో ఎక్కువసేపు కూర్చోనివ్వడు.

ఇంత మెతక మనిషి ఏడాదికి ఒక్క రోజు ఊరందరినీ బూతులు తిడతాడు. అది గంగమ్మ జాతరలో బండ వేషం వేసే రోజు.

మా ఊరివాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళకు చెబితే మాత్రం నమ్మరు. ఎండలు మండిపోయే రోజుల్లో వారం పాటు జరిగే జాతర అది. ఆడపిల్లల్ని చెరబడుతున్న ఒక పాలెగాణ్ణి చంపడానికి గంగమ్మ పుట్టిందనీ, వాడు భయపడి ఎక్కడో దాక్కుంటే వాణ్ణి వెతకడానికి రోజుకొక వేషం కట్టి వీధివీధీ తిరిగిందనీ కథ. అందుకే ఆ వారంలో మగవాళ్ళు రోజుకొక వేషం కడతారు. బండ వేషం రోజు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, ముఖాన చుక్కలు పెట్టుకుని, పూలదండ వేసుకుని, చేత్తో వేపమండ పట్టుకుని బయల్దేరతారు. ఎదురొచ్చిన వాళ్ళనల్లా తిడతారు. ఆ తిట్లకు రోషం పుట్టి పాలెగాడు బయటికి రావాలన్నమాట. తిట్టించుకున్నవాళ్ళు కోపగించుకోరు సరిగదా, తల వంచుకుని నిలబడి ముసిముసిగా నవ్వుతారు. వేషంలో ఉన్నది మనిషి కాదు, అమ్మే. అమ్మ తిట్టు తగిలితే ఆ ఏడు రోగాలూ రొష్టులూ గడప తొక్కవని మావాళ్ళ నమ్మకం.

మామ తిట్లకు ఊళ్ళో మంచి పేరుంది. ఆయన అందరిలా నాలుగు పచ్చిబూతులతో సరిపెట్టడు. ఏడాది పొడుగునా మింగిన మాటలన్నీ ఆ రోజుకు దాచిపెట్టుకుంటాడు. బూతులు నేనిక్కడ రాయలేను, మా అమ్మ చదువుతుంది. రాయదగినవి మాత్రం ఇట్లా ఉంటాయి: “ఏమే, పెండ్లినాటి జాకెట్టు కొలతకిచ్చి నన్ను సంపుతావా? నీ నడుముకు నా టేపు సాలదే, రైలు పట్టాలు దెచ్చి కొలవాల! నీ నాలిక్కు హుక్కులు కుడతా! నీ మూతికి కాజా తీస్తా!” ఆ ఆడవాళ్ళు కడుపు చెక్కలయ్యేట్టు నవ్వుతూ తల వంచుతారు. మరుసటి రోజు మళ్ళీ జాకెట్టు పట్టుకొచ్చి చేతులు బిగుతన్నారంటే, మామ మళ్ళీ “అట్లనేమ్మా” అంటాడు.

ఇక నా సంగతి. నేను గోడలకు బొమ్మలు వేస్తాను. బడి గోడల మీద అచ్చులూ హల్లులూ, పంటి డాక్టరు గోడ మీద పళ్ళు, ఊరి మొదట్లో నెమళ్ళు, జింకలు. “ఈ గోడను అందరూ తడిపిపోతాండారు, దేవుడి బొమ్మ ఒగటి ఎయ్యమ్మా” అని బతిమాలేవాళ్ళు నాకు ఎక్కువ. ఊళ్ళో దేవుళ్ళకు ఆ కాపలా ఉద్యోగాలు చాలా వరకు నేనే ఇప్పించాను. ఈ మధ్య కొత్త రకం బేరాలు వస్తున్నాయి. హోటళ్ళవాళ్ళు, కాఫీ అంగళ్ళవాళ్ళు ‘స్ట్రీట్ ఆర్ట్’ కావాలంటారు. తీరా పోయి చూస్తే గోడ ఏసీ గదిలో ఉంటుంది. అయినా నేను వేస్తాను. డబ్బు పుచ్చుకుని వేస్తే బొమ్మ అబద్ధమైపోతుందని వాదించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మామ డబ్బు పుచ్చుకునే కుడతాడు, మరి ఆ జాకెట్లు అబద్ధమా? బొమ్మ ఎవరి డబ్బుతో వేశామన్నది కాదు, ఎవరి మాట విని పాడు చేశామన్నదే నా లెక్క.

ఈ లెక్క నాకు బాగా తెలిసొచ్చింది మా సందు దాటగానే, పెద్ద రోడ్డు మూల మీద కొత్త హోటల్ లేచినప్పుడు. దాని ప్రహరీ గోడ ఎత్తుగా, పొడుగ్గా, రోడ్డు మీదికి ఉంటుంది. మేనేజరు కుర్రతనం పోని మనిషి, ఎక్కడో పెద్ద నగరం నుంచి వచ్చాడు. మనిషి మంచివాడే, కానీ ప్రతి వాక్యంలో ‘అథెంటిక్’ అన్న మాట లేకపోతే ఆయనకు ఊపిరాడదు.

“మేడమ్, గుడి గోపురాలు, నెమళ్ళు అందరూ వేయిస్తున్నారు. మాకు ఈ ఊరి సొంత బొమ్మ కావాలి. గెస్టులు దిగగానే గోడ ముందు నిలబడి సెల్ఫీ తీసుకోవాలి. చాలా అథెంటిక్‌గా ఉండాలి.”

నేను ఫోన్‌లో మామ బండ వేషం వీడియో చూపించాను. సౌండ్ తగ్గించే చూపించాననుకోండి. మేనేజరు కళ్ళు ఇంతలేసి అయ్యాయి. ఇదే కావాలన్నాడు.

మామను అడగడానికి అంగడికి పోయాను. ఆయన మిషన్ తొక్కడం ఆపి, మోకాళ్ళు రుద్దుకున్నాడు. ఇన్నేళ్ళు మిషన్ తొక్కి తొక్కి ఆ మోకాళ్ళు అరిగిపోయాయి. జాతర రోజు కాళ్ళకు చెప్పుల్లేకుండా కాలే రోడ్ల మీద వీధులన్నీ తిరగాలి. ముందటి ఏడే సగం దారిలో ఒక అరుగు మీద కూలబడిపోతే ఇద్దరు పట్టుకుని లేపారు.

“అమ్మణ్ణీ, ఈసారి జాతరే నాకు ఆఖరు. ఇంక నావల్ల గాదు,” అన్నాడు. ఆ మాట అంతవరకూ ఇంట్లో ఎవరితోనూ అనలేదు. “నువ్వు ఆ గోడ మీద ఏసినావంటే, నేను ఇంట్లో కూసున్నా ఆడ తిడతానే ఉంటా గదా. వీధిలో పోయేవాళ్ళకు తిట్టు దక్కతానే ఉంటాది. ఎయ్యి.”

ఆయన అడిగింది అదొక్కటే. తను మానుకున్నాక కూడా ఆ మూల మీద నిలబడి ఊరిని తిడుతుండాలి. అట్లాగే వేస్తానని మాటిచ్చాను.

వేయడం అనుకున్నంత తేలిక కాలేదు. నోటి దగ్గర చిక్కొచ్చింది. గోడ ముందు మామను నిలబెట్టి, “ఏదీ, ఒకసారి తిట్టు మామా, నోరు ఎట్లా తెరుచుకుంటుందో చూసుకోవాలి” అన్నాను. ఆయన సిగ్గుపడ్డాడు. కుంకుమ లేకుండా తిట్టు రాదట. “పోనీ నన్ను తిట్టు” అన్నాను. “నిన్నెందుకు తిట్టేది? బంగారట్లా బిడ్డవి,” అన్నాడు. కోపం తెప్పిద్దామని ఆయన కుట్టిన జాకెట్లకు వంకలు పెట్టాను. “అట్లనేమ్మా, సరిజేసిస్తా” అన్నాడు. చివరికి పంటి డాక్టరు ముందు తెరిచినట్టు నోరు తెరిచి నిలబడితే నాకు నవ్వాగక బ్రష్షు కింద పడేశాను.

చివరికి పాత వీడియోలు ఆపి ఆపి చూసి వేసుకున్నాను. నాలుక వెనక్కి మడిచి ఉండాలి, దవడ ఒక పక్కకు లాగినట్టుండాలి, గొంతు నరాలు తేలాలి. దారం కొరికి కొరికి ఆయన ముందు పంటికి చిన్న గాటు పడింది. అదీ వేశాను. రంగులు ఎన్ని కలిపినా కుంకుమ ఎరుపు కుదరక, అసలు కుంకుమే అరచేతిలో పోసుకుని గోడ పక్కన పెట్టి సరిచూసుకుంటూ కలిపాను. ఆ గోడకు సరిగ్గా మధ్యలో ఒక పిల్లర్ ముందుకు పొడుచుకొచ్చి ఉంది. మామ బొజ్జ దాని మీదికి వచ్చేటట్టు కొలుచుకున్నాను. పక్క నుంచి చూస్తే బొజ్జ నిజంగానే రోడ్డు మీదికి వచ్చినట్టుండేది.

బొమ్మ అయిన రోజు ఆటోలు ఆగిపోయాయి. తలమీద బుట్ట పెట్టుకుని పోతున్న ఒక ముసలామె బుట్ట దించి, ఆ తెరిచిన నోటి ముందు తల వంచి, దించిన బుట్ట ఎత్తుకుని తన దారిన పోయింది. ఆ మధ్యాహ్నం అంగడి మూసి మామ వచ్చాడు. రోడ్డుకు అవతల మజ్జిగ బండి దగ్గర నిలబడి చూశాడు. దగ్గరికి రమ్మంటే రాలేదు.

“నా మాదిరే ఉండాదే,” అన్నాడు, ఎవరో వింటారని భయపడుతున్నట్టు. ఆ తర్వాత వరసగా ఆయన జనాన్ని పిలుచుకొచ్చి చూపించడమే పని. కార్వేటినగరం నుంచి చుట్టాలొస్తే కాఫీ కూడా ఇవ్వకముందే గోడ దగ్గరికి నడిపించాడు. దారం కొనడానికి పోయినా, ఇంటికి ఉప్పు కొనడానికి పోయినా ఆ మూల మీదుగానే పోయేవాడు.

పది రోజులు గడవకుండానే మేనేజరు ఫోన్ చేశాడు. పోయాను. ఆయన చేతిలో ఫోన్, ముఖాన చెమట.

“మేడమ్, బొమ్మ అద్భుతం. మాకు చాలా నచ్చింది. చిన్న చిన్న కరెక్షన్లు. గెస్టులు కారు దిగగానే ఆ నోరు చూసి పిల్లలు జడుసుకుంటున్నారు. నోరు మూసేసి, చిరునవ్వు పెడదాం. చేతులు జోడించి నమస్తే. బొజ్జ కొంచెం తగ్గిద్దాం. ఎరుపు మరీ ఎక్కువైంది, మా లోగో రంగుకు కలవడం లేదు. మిగతాదంతా అథెంటిక్‌గా ఉంచేద్దాం.”

“నోరు, చేతులు, బొజ్జ, రంగు మార్చాక మిగిలేది ఏమిటండీ, చెవులా?” అన్నాను.

నేను ఆగలేదు. బండ వేషం తిట్టడానికే పుట్టిందని, నోరు మూసుకుని నవ్వితే అది బండ వేషం కాదు, పెళ్ళి మంటపం ముందు పన్నీరు చల్లే బొమ్మ అవుతుందని చెప్పాను. బొజ్జ తగ్గించాలంటే మీ పిల్లర్ చెక్కించుకోవాలి, అది మేస్త్రీ పని అన్నాను. అంతటితో నా పనైపోయిందని నిచ్చెన మోసుకుని వచ్చేశాను.

ఆ వారమే శ్రీకాళహస్తిలో ఒక బడి గోడ ఒప్పుకున్నాను. పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం చీకటి పడ్డాక రావడంతో నాలుగైదు రోజులు ఆ మూల వైపు చూడనేలేదు. ఒక సాయంత్రం పని తొందరగా అయిపోయి వెలుతురుండగానే బస్సు దిగాను. గోడ చూసి నడి రోడ్డు మీద ఆగిపోయాను. వెనక ఆటో అతను హారన్ కొట్టి అలిసిపోయాడు.

ఇంకెవరినో పిలిపించి మార్చేశారు. నోరు మూతపడింది. దాని చోట చెవుల దాకా సాగిన నవ్వు, అందులో టూత్‌పేస్టు డబ్బా మీద ఉండే పళ్ళు. పంటి గాటు లేదు. వేపమండ పోయి చేతులు జోడించుకున్నాయి. కుంకుమ ఎరుపు మీద లేత రంగు పూశారు, మామ ఎండకు కందిపోయిన దొరలా తయారయ్యాడు. పిల్లర్‌ను ఏం చెయ్యాలో తోచక బొజ్జ మీద పెద్ద డోలు వేశారు. కింద ఒక మూల నా సంతకం మాత్రం అట్లాగే ఉంచారు.

నా ఒళ్ళు మండిపోయింది. తిన్నగా ఇంటికి పోయి నల్ల రంగు డబ్బా, పెద్ద బ్రష్షు తీసుకుని బయల్దేరాను. సందు మొదట్లో మామ ఎదురొచ్చి డబ్బా పట్టుకున్నాడు. ఆయన ముందే చూశాడని ఆ ముఖం చూడగానే తెలిసింది. రెండు రోజులుగా ఆ మూల మీదుగా పోవడం మానేసి, దారానికి చుట్టూ తిరిగి పోతున్నాడట.

“వొద్దు అమ్మణ్ణీ. గోడ వాళ్ళది.”

“ముఖం నీది గదా మామా!”

“అది నా మొగమా? మేనేజరు మొగం మాదిరుండాది,” అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. “నువ్వు నల్ల రంగు బూస్తే పోలీసులొస్తారు. జాతర ఎంతో దూరం లేదు. వుండు.”

జాతర దూరం లేకపోతే ఏమవుతుందో నాకప్పుడు అర్థం కాలేదు. డబ్బా ఇంటికి తెచ్చి మూల పెట్టి, ఆ కోపమంతా మా అమ్మ మీద చూపించాను. ఆమెకు అలవాటే.

జాతర వచ్చింది. బండ వేషం రోజు తెల్లవారగానే ఎప్పటిలా నేనే మామ ఒంటికి కుంకుమ పూశాను. మోకాళ్ళ దగ్గర పూసేటప్పుడు నొప్పికి పళ్ళు బిగపట్టాడు. ముఖాన చివరి చుక్క పెట్టాక ఇంట్లోవాళ్ళం అందరం ఆయన కాళ్ళకు మొక్కాం. ఇక అప్పటి నుంచి ఆయన మామ కాదు. నేను ఆయన్ని మామా అని పిలవను, ఆయన నన్ను అమ్మణ్ణీ అనడు. గడప దాటుతూనే మొదటి తిట్టు మా అమ్మకు పడింది. అక్క అని కూడా చూడలేదు. మా అమ్మ ముఖం వెలిగిపోయింది.

సందులో ఒక్కొక్క గడపనూ తిట్టుకుంటూ, డప్పుల వెంట పెద్ద రోడ్డెక్కాడు. నేను నీళ్ళ సీసా పట్టుకుని వెనకే నడుస్తున్నాను. మూల దగ్గరికి రాగానే డప్పులు గుడి దారికి తిరిగాయి. ఆయన తిరగలేదు. నేరుగా హోటల్ గోడ దగ్గరికి పోయి, ఆ నవ్వుతున్న బొమ్మకు ఎదురుగా నిలబడ్డాడు. ఒకే మనిషి రెండు రకాలుగా ఎదురెదురుగా ఉన్నాడు. జనం గొడవ ఆపేశారు.

ఆయన వేపమండ ఎత్తాడు.

“ఏమిరా, ఎందుకురా నవ్వతా ఉండావు? ఎవుడురా నీ నోటికి గుండీ బెట్టి కుట్టేసింది? పండ్లికిలించి దండం బెడతా ఉండావే, ఎవురి పెండ్లిరా ఇది? పాలెగాడు నీ ఎనకమాల్నే గోడకానుకోని కూసోనుండాడు గదరా! వాడికి దండం బెట్టి, రా నాయనా, కాపీ తాగు, రూము సూపిస్తా అంటా ఉండావా? తూ నీ నవ్వు! యాడ దాసిపెట్టినావురా నా నోరు? తియ్యరా బయటికి!”

మధ్యలో వచ్చినవి వదిలేశాను. అవే ఎక్కువ. నేను పుట్టిన దగ్గర్నుంచీ ఆయన తిట్లు వింటున్నాను, అట్లాంటివి ఎన్నడూ వినలేదు. జనం ఈలలు వేశారు, కేకలు పెట్టారు. కొందరు ఆడవాళ్ళు బొమ్మ వైపు చూసి తలలు కొట్టుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేశాయి.

గోల విని మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. “సార్, సార్, ప్లీజ్, లోపల గెస్టులున్నారు” అనబోయాడు. మామ ఇటు తిరిగాడు. ఆ పిల్లవాడి షర్టు బొత్తాల నుంచి మొదలుపెట్టి బూట్ల దాకా ఒక్కటి వదలకుండా తిట్టాడు. మేనేజరు ఏం చెయ్యాలో తోచక నా వైపు చూశాడు. “తల వంచండి, అంతే,” అన్నాను. వంచాడు. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడే గేటు తెరుచుకుని హోటల్ యజమాని వచ్చాడు, పక్కన ఆయన తల్లి. వాళ్ళది చిత్తూరు దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చిన వ్యాపారుల కుటుంబం. ఆయన ఇస్త్రీ చొక్కా నలగకుండా రెండడుగుల దూరంలో ఆగాడు. ఆ ముసలమ్మ మాత్రం కొడుకు చెయ్యి వదిలించుకుని వచ్చి నా చేతిలోని సీసా అందుకుని మామ పాదాల మీద నీళ్ళు పోసి, వంగి మొక్కింది.

“తల్లీ, నన్ను గూడా నాలుగు తిట్టు తల్లీ,” అంది. తన వంతు తిట్లు ఆనందంగా అందుకుని, కొడుకు వైపు తిరిగింది. “ఏరా, అమ్మ వాకిట్లోకొస్తే దూరంగా నిలబడతావా? రా, తలకాయ వంచు. హోటలు తెరిచేటప్పుడు అందురికీ పత్రికలు పంచినావు, అమ్మకు జెప్పినావా?”

యజమాని చుట్టూ చూసి తల వంచాడు. మామ ఆయన్నీ వదల్లేదు. అంతా అయ్యాక ఆ ముసలమ్మ చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, గోడ వైపు తల ఎత్తింది.

“ఇదేందిరా ఇది? బండ వేషం గదా. నోరేదీ?”

“గెస్టుల కోసమమ్మా... వెల్కమ్ చేస్తున్నట్టు...”

“గెస్టులొస్తారని అమ్మ నోరు మూసి పెట్టినావా?” అంది. అరవలేదు, మామూలుగానే అంది. ఆయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఇంకా తల ఎత్తనే లేదు.

డప్పులు మళ్ళీ మోగాయి. మామ గుడి వైపు తిరిగాడు. ఆ రోజు ఆయన ఎక్కడా కూలబడలేదు. సాయంత్రం స్నానం చేసి కుంకుమ కడిగేసుకున్నాక మాత్రం రెండు కాళ్ళూ వాచిపోయి మంచం దిగలేకపోయాడు. “మేనేజరును మరీ ఎక్కువ అనేసినానా అమ్మణ్ణీ? పాపం, పిల్లోడు,” అని అడిగాడు. నీకు గుర్తుందా ఏమన్నావో అంటే, లేదన్నాడు.

జాతర ముగిసీ ముగియగానే యజమాని స్వయంగా ఫోన్ చేశాడు. మొదట ఉన్నది ఉన్నట్టు వేసిపెట్టమన్నాడు. నా సంతకం ఇంకొకరి బొమ్మ కింద ఉంచినందుకు ఆయనతో ఒక పావుగంట పోట్లాడి, ఆ తర్వాతే ఒప్పుకున్నాను. ఈసారి మేనేజరే వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

“మేడమ్, మీ మామయ్య నన్ను తిట్టినదాంట్లో సగం అర్థం కాలేదు,” అన్నాడు.

“అర్థమైన సగం ఎట్లా ఉంది?”

“మా నాన్న కూడా అంత బాగా తిట్టలేదండీ,” అన్నాడు నవ్వుతూ. ఆ రోజంతా ఒక్కసారి కూడా ‘అథెంటిక్’ అనలేదు. ఆ జాతర తర్వాత నెలంతా తనకు జలుబు కూడా చెయ్యలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

డోలు తీసేసి బొజ్జ పెట్టాను. ఎరుపు తెచ్చాను, వేపమండ పచ్చగా వేశాను. నోరు చివరికి ఉంచుకున్నాను. ఈసారి వీడియో చూడలేదు. గోడ ముందు ఆయన్ని అట్లా చూశాక నాకింక ఏ వీడియోతోనూ పని లేకపోయింది. పాత బొమ్మలో కన్నా దవడ ఇంకా కిందికి దిగింది, గొంతు ఇంకా లోతుగా కనిపించింది.

పన్ను మీద గాటు వేస్తుండగా మామ వచ్చాడు. మెడలో టేపు, చేతిలో ఊతకర్ర. మోకాళ్ళ డాక్టరు ఇక వేషం మాట ఎత్తొద్దని అప్పటికే చెప్పేశాడు. ఈసారి రోడ్డు అవతల ఆగలేదు. దాటుకుని వచ్చి సరిగ్గా ఆ నోటి కింద నిలబడ్డాడు. తల ఎత్తి పైకి చూశాడు. బాగుందో లేదో చెబుతాడని బ్రష్షు ఆపి ఎదురుచూస్తున్నాను.

“ఇన్నేండ్లు ఊరందుర్నీ తిట్టినా గదా అమ్మణ్ణీ,” అన్నాడు, తన మామూలు మెత్తని గొంతుతో. “నన్ను మాత్రం ఎవురూ తిట్టింది ల్యా. ఎదురుగా ఇంకో వేషమొస్తే, మనోడేలే అని పక్కకు పోయేవాడు. నాకు ఒగ తిట్టు గూడా దక్కలేదు.”

ఊతకర్ర గోడకు ఆనించాడు. మెడలోని టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. చేతులు కట్టుకుని, తన నోటి ముందే తల వంచి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి, నవ్వుతున్నాడని తెలుస్తోంది. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఆయన తల ఎత్తేదాకా నేను నిచ్చెన మీద అట్లాగే ఆగాను.